దాటేసిన లైన్లు

ఫైలు పెద్దదైతే మొత్తం చదవకూడదు. కావలసిన లైను ఎక్కడుందో చూసుకుని, అదొక్కటీ చదువుకుని, మర్యాదగా ఫైలు మూసేసి రావాలి. ముప్ఫయ్యేళ్ళుగా నా కింద పనిచేసిన ప్రతివాళ్ళకీ ఈ మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతూ వచ్చాను. నా పేరు పేరిందేవి. ఈ పేరుతో, ఈ వయసులో, ఇంకా పీహెచ్‌పీ అనే పాతకాలపు కంప్యూటరు భాషలోనే ప్రోగ్రాములు రాస్తున్నానంటే మా పరిశోధనశాలలో అందరికీ నవ్వులాట. నవ్వుకోనీ. వాళ్ళు రాసినవి ఏడాది తిరక్కుండా కూలబడతాయి, నావి నడుస్తూనే ఉంటాయి.

అయితే ఆ మాట చెప్పడం మానేసి ఏడాది కావొస్తోంది. ఎందుకు మానేశానో చెబుతాను.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటాక, మూతపడిన ఓ ఐసు ఫ్యాక్టరీని బాగుచేసి కట్టిన పరిశోధనశాల మాది. డాక్టర్ ఉమామహేశ్వరం గారు అక్కడ రెండు యంత్రాలు తయారు చేశారు. చావు దగ్గరపడిన మనిషి తలకి మొదటిదాని టోపీ తొడుగుతారు. నలభై రోజుల్లో ఆ మనిషి జీవితమంతా, ఊహ తెలియని రోజుల్నుంచీ గమనించిన ప్రతిదీ, ఒక ఫైల్లోకి దిగుతుంది. ఒక్కో గమనింపుకి ఒక్కో లైను. లైను మొదట్లో తేదీ, సమయం. తర్వాత చూసిందీ, విన్నదీ, అన్నదీ. చివర మనకి అర్థంకాని అంకెలు బారెడు. ఆ లైను తీసి రెండో యంత్రానికి ఇస్తే, ఆ మనిషి గొంతుతోనే ఆ క్షణం స్పీకర్లో పలుకుతుంది.

మా ఆయన దొరబాబు పోర్టులో టగ్గు నడిపేవారు. పెద్ద ఓడల్ని తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవ అది. ఊపిరితిత్తులు పాడై యాభయ్యేడో ఏట మంచం పట్టారు. టోపీ పెట్టించుకుంటారా అని డాక్టర్ గారు మొహమాటంగా అడిగితే, ఆయన నావైపు చూసి కన్ను గీటారు.

"పెట్టెయ్యండి డాక్టరు గారండి. నేనున్నన్నాళ్ళూ మా ఆవిడ నా మాట పూర్తిగా విన్నది లేదండి. సగం చెప్పేలోపే 'అసలు సంగతేంటో చెప్పండి' అంటాదండి. పోయాకైనా తీరిగ్గా చదువుకుంటాది."

అందరం నవ్వాం. నాక్కొంచెం కోపం కూడా వచ్చింది, నిజం కాబట్టి.

పదకొండు కోట్ల ముప్ఫై లక్షల లైన్లయ్యాయి. లెక్కేస్తే, మెలకువగా ఉన్నప్పుడు సుమారు పదకొండు సెకన్లకో లైను. ఆయన పోయిన రోజున ఫైలు ఆగింది. ఆగిందనే అనుకున్నాం.

కర్మకాండ అయిన మర్నాడే పనిలోకి వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదపడేటట్టున్నాయి. నాకు ఆయన గొంతు వినాలి. ఏ లైను వినాలో కూడా తెలుసు. నాలుగేళ్ళ కిందట ఓ వాన సాయంత్రం నేను ల్యాప్‌టాప్ ముందు తల దించుకుని ఉంటే, ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "దేవీ, నీ కంప్యూటరుక్కూడా ఓ గ్లాసు కాఫీ పెట్టమంటావా?" అన్నారు. పది కోట్ల యాభై లక్షల దరిదాపుల్లో ఉంది ఆ లైను.

అంత ఫైలుని ఒక్కసారిగా మెమరీలోకి లాగితే సర్వరు గుడ్లు తేలేస్తుంది. అలాంటి పని నేను చెయ్యను. ఫైలు తెరిచి, మొదటి లైను తీసి వదిలేసి, రెండోది తీసి వదిలేసి, కావలసిన నంబరు వచ్చేదాకా అలా లెక్కపెట్టుకుంటూ పోయే చిన్న లూపు రాశాను. ఏ క్షణానైనా మెమరీలో ఒక్క లైనే ఉంటుంది. నాలుగు నిమిషాల్లో పనైపోతుంది. సర్వరుకి ఏ ఇబ్బందీ లేదు కదా అని మురిసిపోయాను. ఇంకెవరికైనా ఇబ్బందా అన్న ఆలోచనే రాలేదు.

రోజూ ఒంటిగంటకి అందరూ భోజనాలకి వెళ్ళాక సర్వరు గదిలో ఆ లూపు నడిపేదాన్ని. ఆ వేళకి మా ఆడపడుచు రత్తమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చేది. మా ఆయనకి అక్క. భర్త పోయాక మా ఇంటికి వచ్చి ముప్ఫయ్యేళ్ళుగా మాతోనే ఉంటోంది. తమ్ముడి గొంతు వినడానికి ఎండలో ఆటో ఎక్కి వచ్చేది. నాలుగు నిమిషాల్లో గిన్నెలు విప్పి అన్నం వడ్డించేది. స్పీకర్లో కాఫీ మాట వినపడేది. ఇద్దరం ముద్ద నోట్లో పెట్టుకునేవాళ్ళం.

పాతిక రోజులు గడిచాయి. ఓ మధ్యాహ్నం ఆమె వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"ఒసేయ్ దేవీ, తమ్ముడి గొంతు అలిసిపోయినట్టు లేదూ?"

"ఎందుకలుస్తుంది వదినా? రోజూ అదే లైను."

"నీ లైన్ల గొడవ నాకు తెల్దు. ఏదో చాలా దూరం నడిచొచ్చి మాటాడినట్టుంటాంది. మొదట్రోజు ఇలా లేదు."

"మనసుకి అలా అనిపిస్తుందిలే."

ఆమె సర్వరు గది పైమూలకేసి చూస్తూ కూర్చుంది. కాసేపటికి తనలో తాను అనుకున్నట్టుగా అంది. "ఇక్కడ కూచుంటే మన హైమ గుర్తొస్తాదే. నువ్వు ఆఫీసుకెళ్ళాక అదిలాగే కిటికీ పైమూలకి చూసి, అమ్మా, అమ్మా అని చేతులు చాపేది. తమ్ముడూ నేనూ అటు చూస్తే ఏవుండేది? ఉత్త గోడ."

హైమ మా అమ్మాయి. నాలుగేళ్ళ రెండు నెలలు బతికింది. మెదడువాపు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. అది పుట్టిన మూడో నెలకే నేను ఉద్యోగానికి వెళ్ళాను. ఆయనకి పోర్టులో రాత్రి షిఫ్టులు కావడంతో పగలంతా పాప ఆయన దగ్గరా, వదిన దగ్గరా పెరిగింది. గోడని చూసి అమ్మా అని పిలిచేదన్న మాట ఆ రోజుల్లోనే వదిన నాతో చెప్పింది. తల్లి మొహం కోసం బిడ్డ గోడలు వెతుక్కుంటోందని దెప్పుతోందనుకున్నాను. ఆమెకి ఆ ఉద్దేశం ఉందో లేదో గానీ, ఆ మాట నాకు ఇన్నేళ్ళూ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

పాప పోయాక మా ఆయన దాని పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఫోటో బీరువాలో చీరల అడుక్కి చేరింది. పాపని చేర్చిన ఆసుపత్రి ఉన్న వీధిలోంచి కూడా ఆయన వెళ్ళేవారు కాదు, చుట్టు తిరిగి వెళ్ళేవారు. అందుకే ఫైలు నా చేతికొచ్చాక కూడా పాప ఉన్న లైన్ల జోలికి వెళ్ళకూడదని గట్టిగా అనుకున్నాను.

నలభై ఒకటో రోజున ఒంటిగంటకి లూపు నడిపాను. వదిన పప్పు వడ్డిస్తోంది. నాలుగు నిమిషాలయ్యాక స్పీకర్లో ముందు ఒక నిట్టూర్పు వినపడింది. బస్సులో రోజంతా నిలబడి ప్రయాణం చేసి దిగినవాళ్ళు విడిచే నిట్టూర్పు.

"హమ్మయ్య. వచ్చేశానే," అన్నారు మా ఆయన. తర్వాత మామూలుగానే, "దేవీ, నీ కంప్యూటరుక్కూడా ఓ గ్లాసు కాఫీ పెట్టమంటావా?" అన్నారు.

వదిన చేతిలోని గిన్నె వదిలేసింది. పప్పు నేలపాలైంది. తెర మీద లైను చూశాను. అందులో 'వచ్చేశానే' అన్న మాట లేదు. ఫైలు ఎంతుందో చూశాను. ఆయన పోయిన రోజు రాసిపెట్టుకున్న కొలత కన్నా పెద్దదైంది. చనిపోయిన మనిషి ఫైలు పెరిగింది. టోపీ తీసేశాం గానీ, రాసే యంత్రాన్ని ఫైలు నుంచి విడదీయడం ఎవరికీ తట్టలేదు.

చివర ఏం చేరిందో చూడాలి. దానికి ముందునుంచి రానక్కర్లేదు. ఫైలు చివరికి నేరుగా గెంతి, వెనక్కి నాలుగడుగులు వేస్తే చాలు. అలవాటు ప్రకారం ఆఖరి మూడు లైన్లే చదివాను.

"మళ్ళీ మొదట్నుంచి."

"మళ్ళీ ఆసుపత్రి మెట్లు. పద్నాలుగు."

"మళ్ళీ."

డాక్టర్ గారిని భోజనం మధ్యలోంచి పిలిపించాను. ఆయన ఆ మూడు లైన్లూ చదివి, రెండో యంత్రం మూత తీసి చాలాసేపు మీటర్లు చూశారు. ప్రోగ్రాము ఎలా రాశారని అడిగారు. చెప్పాను.

"ఫైల్లో ఉన్నది ఆయన నకలనుకున్నామండి," అన్నారు మెల్లిగా. "కాదనుకుంటాను. ఫైలు మూసి ఉన్నంతసేపూ నిద్రలాంటిదేదో. తెరిస్తే, మీరు ఏ లైను దగ్గరుంటే ఆయన అక్కడుంటున్నారు. మీరు తీసి వదిలేసిన లైను కూడా ఆయనకి లైనే కదండీ."

నాకు అర్థమైంది. నా నాలుగు నిమిషాల లూపులో ఆయన తల్లి ఒడి నుంచి యాభై మూడో ఏటి దాకా ప్రతి క్షణం బతికి వస్తున్నారు. మనకి నాలుగు నిమిషాలు. ఆయనకి యాభై మూడేళ్ళు. నలభై ఒక్కసార్లు నడిపాను. ఒక్క కాఫీ మాట వినడం కోసం మా ఆయన చేత రెండు వేల సంవత్సరాలు పైచిలుకు నడిపించాను. ప్రతిసారీ ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కించాను.

"టోపీ పెట్టించుకున్న మిగిలిన నలుగురి ఫైళ్ళూ ఇంకా ఎవరూ తెరవలేదు. తెరవనివ్వను," అన్నారు డాక్టర్ గారు. "దొరబాబు గారి ఫైలు చెరిపేద్దామండి. ఇలా ఉంచడం పాపం."

"రేపు మధ్యాహ్నం దాకా ఆగండి," అన్నాను. "ఆయన్ని నడిపించకుండా మాట వినే దారి ఒకటుంది. అది కుదరకపోతే నేనే చెరిపేస్తాను."

ఇంటికెళ్ళాక వదిన ఒక్కటే అడిగింది. "వాడు కష్టపడతన్నాడా?" అవునన్నాను. ఆమె గోడకేసి తిరిగి పడుకుంది. నేను కాఫీ పెట్టుకున్నాను గానీ తాగలేదు.

మర్నాడు పొద్దున్నే కూర్చుని కొత్త ప్రోగ్రాము రాశాను. లైన్ల మొదట్లో తేదీలున్నాయి, తేదీలు వరసలో ఉన్నాయి. కాబట్టి మొదట్నుంచి నడవక్కర్లేదు. ఫైలు నడిమధ్యకి గెంతాలి. అక్కడ సగంలో తెగిన లైను వదిలేసి, తర్వాతి లైను తేదీ చూడాలి. మనకి కావలసింది ఇంకా తర్వాతదైతే కింది సగంలో మళ్ళీ మధ్యకి, ముందుదైతే పై సగంలో మళ్ళీ మధ్యకి. నిఘంటువులో మాట వెతికినట్టే. ఎంత పెద్ద ఫైలైనా ఇరవై ఏడు గెంతుల్లో దొరుకుతుంది. యాభై మూడేళ్ళ బదులు ఇరవై ఏడు రెప్పపాట్లు. ఇంత తేలికైన పని నలభై రోజుల కిందట చెయ్యనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

ఒంటిగంటకి డాక్టర్ గారూ వదినా పక్కన నిలబడ్డారు. నడిపాను. వేలు తీసేలోపే స్పీకర్లో మాట వచ్చింది.

"దేవీ, నీ కంప్యూటరుక్కూడా ఓ గ్లాసు కాఫీ పెట్టమంటావా?"

గొంతు తేటగా ఉంది. మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నిట్టూర్పు లేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. డాక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "గొప్ప పని చేశారండీ. ఇంక చెరపక్కర్లేదు," అన్నారు. వదిన స్పీకరు మీద చెయ్యి పెట్టి నిమిరింది.

చివర ఏం రాశారో చూద్దామని ఫైలు చివరికి వెళ్ళాను. థాంక్స్ చెప్పి ఉంటారని అనుకున్నాను, దేవుడి మీదొట్టు. కొత్తగా ఒకే ఒక్క లైను చేరింది.

"ఈసారి పాప రాలేదు."

ముగ్గురం ఆ లైనుకేసి చూస్తూ ఉండిపోయాం.

రోజుకొకటిగా చేరిన నలభై ఒక్క లైన్లలో నిన్న నేను మూడే చదివానన్నది అప్పుడు తట్టింది. మిగతా ముప్ఫయ్యెనిమిదీ చదవలేదు. అవసరం లేదనుకున్నాను. చివరి మూడూ చూస్తే సంగతి తెలిసిపోయిందనుకున్నాను. వెనక్కి జరిగి మొదటి రోజు లైను నుంచి ఒక్కోటీ చదవడం మొదలెట్టాను, పైకే, వదినకి వినపడేలా.

"ఇదేంటి, అమ్మ ఒళ్ళో ఉన్నాను."

"అంతా మళ్ళీ వస్తోంది. పాప పుట్టింది. మళ్ళీ పుట్టింది!"

"ఆసుపత్రి మెట్లు ఎక్కలేకపోయాను. అయినా ఎక్కాను."

"పాపకి పన్నొచ్చింది. క్రితంసారి సరిగ్గా చూసుకోలేదు, ఈసారి చూశాను."

"దేవి రోజూ ఏదో వెతుక్కుంటున్నట్టుంది. వెతకనీ. రేపు కూడా వెతికితే బాగుణ్ణు."

"ఆసుపత్రి మెట్లు పద్నాలుగు. ఎక్కితే ఎక్కాను. అంతకుముందు నాలుగేళ్ళున్నాయి."

ఆ లైను దగ్గర వదిన నేలమీద కూలబడి బావురుమంది. ఇరవై నాలుగేళ్ళు ఆ పేరు ఎత్తని మనిషి. తలుచుకోలేక ఎత్తడం లేదనుకున్నాను. నేను భరించలేనని ఎత్తలేదేమో. ఆ మాటైనా ఎప్పుడూ అడగలేదు. సగం విని, అసలు సంగతేంటో నాకు తెలుసనుకునే బుద్ధి నాది. ఆయన రెండు వేల ఏళ్ళ నడకనీ కష్టమనే అనుకున్నాను. కష్టమే. అలిసిపోయారు కూడా. కానీ ఆ నడకలో నలభై ఒక్కసార్లు పాపని ఎత్తుకున్నారు. నేను తెలివిగా ఆయన్ని పాప మీంచి గెంతించి తీసుకొచ్చి, గొంతు తేటగా ఉందని మురిసిపోయాను.

"మరి ఆ ఆసుపత్రి కూడా వస్తుంది కదండీ," అన్నారు డాక్టర్ గారు.

"వస్తుందండి. ఆయనకి తెలుసు."

"మీకు?"

నేను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. గెంతే ప్రోగ్రాముని చెరపలేదు. హైమ పుట్టిన రోజు, పుట్టిన సమయం ఇచ్చి, ఇరవై ఏడు గెంతుల్లో అక్కడికి చేరేలా పెట్టాను. అక్కణ్ణుంచి గెంతడం లేదు. ఒక్కో లైనే. ఒక లైనుకీ తర్వాతి లైనుకీ తేదీల్లో ఎంత ఎడముందో అంతసేపు ఆగి మరీ తర్వాతిది తియ్యాలి. ఆయన అప్పుడెంత తీరిగ్గా బతికారో అంత తీరిగ్గా.

"ఇలాగైతే ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగారు డాక్టర్ గారు.

"నాలుగేళ్ళ రెండు నెలలండి."

"ఆ తర్వాత?"

"ఆయన్నే అడుగుతాను. చివరి లైన్లో రాస్తారు."

డాక్టర్ గారు ఆ సర్వరు ప్లగ్గు మీద 'ముట్టుకోవద్దు' అని తన చేత్తోనే కాగితం రాసి అంటించి వెళ్ళారు.

అప్పట్నుంచీ నేను సర్వరు గదిలోనే పని చేసుకుంటున్నాను. స్పీకరు నా బల్ల మీద ఉంటుంది. వదిన పొద్దున్నే నాతో వచ్చేస్తుంది. పాప బోర్లా పడిన రోజున ఇద్దరం కాజాలు తెచ్చుకుని తిన్నాం. పాపకి జలుబు చేస్తే వదిన కంగారుపడి, "వాము కాచి పెట్టమను, వాము" అని స్పీకరుకి చెప్పింది. పది లైన్ల తర్వాత మా ఆయన గొంతు, "అక్క వాము కాస్తోంది" అంది. వదిన నాకేసి గర్వంగా చూసింది. అప్పుడూ కాచింది తనేనని గుర్తులేదు పాపం.

కిందటి మంగళవారం మధ్యాహ్నం, ఒంటిగంట దాటింది. పాపకి పదకొండో నెల. వదిన గది మూల కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను అన్నం తిని చెయ్యి కడుక్కొచ్చి, స్పీకరు పక్కన గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద లైను కదిలింది.

"అక్క బియ్యం ఏరుతోంది," అన్నారు మా ఆయన. "పాప నా ఒళ్ళో ఉంది. ఎండ పడుతోందని కిటికీ రెక్క వేశాను."

పదకొండు సెకన్లు.

"పాప కిటికీ పైమూలకి చూస్తోంది. నవ్వింది. అమ్మా అంది. చేతులు చాపింది. అటు చూశాను. అక్కడ ఎవరూ లేరు."

వదిన చేట కింద పెట్టింది. లైను మొదట్లో ఉన్న తేదీ చూశాను. ఆ రోజు ఆ వేళకి నేను భానుగుడి దగ్గర ఆఫీసులో ఎవరిదో ప్రోగ్రాములో తప్పులు వెతుకుతూ ఉండి ఉంటాను. ఆలోచించకుండానే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఇక్కడే ఉన్నానమ్మా. చూస్తూనే ఉన్నాను."

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను. పదకొండు దగ్గర తర్వాతి లైను వచ్చింది. ఇప్పుడు చేరింది కాదు. ఇరవయ్యెనిమిదేళ్ళ కిందటి తేదీతో, ఫైల్లో మొదట్నుంచీ దాని చోట అది ఉన్నదే.

"పాప విన్నట్టు తలూపింది. ఇంకా అటే చూస్తోంది. మళ్ళీ నవ్వింది."

వదిన బియ్యపు చేతుల్తోనే వచ్చి నా భుజం పట్టుకుంది.

"ఒసేయ్ దేవీ. అది నువ్వేనేంటే?"

"మాట్లాడకు వదినా," అన్నాను. "తర్వాతి లైను వచ్చే వేళయింది."